ఇసుక కోటు

మా బావ మంచివాడని ఇంట్లో అందరూ అంటారు. నేనూ అనేవాణ్ణి. గద్వాలలో ఆయనకు బైకులు బాగుచేసే షాపు ఉంది. మా అక్కను చేసుకున్నప్పటి నుంచి నా బండి మీద ఇంకో మెకానిక్ చెయ్యి పడనివ్వలేదు. నాది పార్సిళ్లు పంచే పని. ధరూరు, ఇటిక్యాల వైపు ఊళ్లన్నీ తిరగాలి. ఎండ కొడితే దుమ్ము, వాన పడితే బురద. ఆ దారుల్లో పడి లేచి నేర్చుకున్న డ్రైవింగే నాది. బక్క మనిషిని. నేను కూర్చుంటే బండి మీద కాకి వాలినట్టుంటుందని బావ ఎగతాళి చేసేవాడు.

వనపర్తి బయట బీడు భూమిలో మట్టి ట్రాకు వేసి బైకుల పందెం పెడుతున్నారని తెలిసినప్పుడు ముందుగా ఎగిరి గంతేసింది ఆయనే. షాపు మూలన పడి ఉన్న పాత బండిని బయటికి తీశాడు. ఆ వానాకాలమంతా దాని మీదే గడిపాం. బండి ఆయనది, నడిపేది నేను, ఫోన్లో టైము చూసేది పక్కనే వెల్డింగు షాపున్న దోస్తు. టీమంటే మేం ముగ్గురమే. అయినా ఒకే రంగు టీషర్టులు తీసుకున్నాం, వీపు మీద గద్వాల అని పెద్దగా రాయించుకున్నాం. ఏళ్ల తరబడి ఊళ్లవాళ్ల సామాను వాళ్ల వాళ్ల గుమ్మాలకు చేర్చిన మనిషిని. ఒక్కసారి నాకోసం నేను ఎక్కడికైనా ముందు చేరాలనిపించింది. ఆదివారం పందెం మొదలయ్యే గీత మీద నిలబడితే చాలు, గెలిచినా ఓడినా పర్వాలేదనుకున్నాను.

శుక్రవారం, శనివారం ప్రాక్టీసు. ఆ రెండు రోజుల్లో వచ్చిన మంచి టైమును బట్టి ఆదివారం ఎవరు ఏ వరుసలో నిలబడాలో తేలుతుంది. ఆ టైమును బండి నంబరుకు కడతారు గానీ నడిపిన మనిషికి కాదు. పందెం పెట్టినవాళ్లు మైకులో ఈ మాట రెండు సార్లు చెప్పారు. నాకెందుకులే అనుకున్నాను.

శుక్రవారం పొద్దున మా పరువు పోయింది. ఎడమ మలుపులో వెనక చక్రం జారి, అమరచింత నుంచి వచ్చిన కుర్రాళ్ల ముందే బోర్లా పడ్డాను. బావ బండిని లేపి నిలబెట్టాడు. టైర్లలో గాలి తగ్గించాడు, చెయిన్ తిరిగే వెనక పళ్లచక్రం, స్ప్రాకెట్, మార్చాడు. మధ్యాహ్నానికి బండి నేలను పట్టుకుంది. దోస్తు ఫోను చూసి ఈల వేశాడు.

అప్పుడే బావ ఆ కోటు తీశాడు. పాత జీన్సు ప్యాంట్లు కత్తిరించి కుట్టిన చేతుల్లేని కోటు. లోపల అరలు అరలుగా ఇసుక. కుట్టింది మా అక్కేనని కుట్టు చూడగానే తెలిసింది.

“గిదేంది బావా?”

“తొడుక్కో. రెండు రోజులు బరువుతోని నడిపితె ఒళ్లు గట్టిపడ్తది. ఎల్లుండి గిది తీసేసినంక గాల్లె పోతవ్ సూడు.”

నమ్మాను. ఆయన మాటను కొలిచి చూసే అలవాటు నాకు లేదు. ఆ కోటు వేసుకుని ఎండలో తిరుగుతుంటే భుజాలు ఒరుసుకుపోయాయి, మెడ మీద తోలు లేచింది. బావ ప్రతి విడతకూ వెనక స్ప్రింగు ఇంకొంచెం బిగించేవాడు. విచిత్రంగా బండి బాగుపడుతూ వచ్చింది. గుంతల్లో కూలబడేది కాదు, మలుపులో నిటారుగా నిలబడేది. శనివారం పొద్దున విడత అయ్యేసరికి మేం రెండో వరుసలోకి వచ్చాం. ముగ్గురం పట్టుకుని గెంతాం. బావ కళ్లల్లో నీళ్లు చూశాను. ఆ నీళ్లు నిజమేనని ఇప్పటికీ అనుకుంటాను, అదే నన్ను ఎక్కువ బాధ పెడుతుంది.

మధ్యాహ్నం ఒక విడత కోటు లేకుండా నడుపుతానన్నాను. బావ వద్దన్నాడు. ఊరుకోలేక తీసేసి బండెక్కాను. మొదటి గుంతలోనే బండి నన్ను ఎత్తి పడేయబోయింది. వెనక చక్రం నేల మీద ఆగడం లేదు. మలుపులో బండి నా మాట వినలేదు. భయం భయంగా తిరిగొచ్చాను.

“స్ప్రింగు జర వదులు చెయ్యి బావా. ఎగిరెగిరి పడ్తుంది.”

“స్ప్రింగు ముట్టొద్దు.”

“మరి రేపు ఇసుక లేకుండనే గద నడపాలె?”

ఆయన బట్టతో చేతులు తుడుచుకున్నాడు. అప్పటికే తుడిచిన చేతుల్నే మళ్లీ తుడుచుకున్నాడు. “రేపటిది రేపు సూద్దాం. కోటు ఏసుకో,” అన్నాడు. వేసుకున్నాను.

కాసేపటికి ఒక కారు వచ్చి ఆగింది. నాగర్‌కర్నూల్‌లో టైర్ల షాపున్న సేటు, ఆయన కొడుకు దిగారు. కొడుకు దిట్టమైన మనిషి, చేతిలో కొత్త హెల్మెట్. బావ ఉరికిపోయి సేటుకు కుర్చీ వేశాడు. ఆ అబ్బాయిని బండి మీద కూర్చోమన్నాడు. తను వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య అరచెయ్యి పెట్టి, సీటు ఎంత దిగిందో చూశాడు.

“సరిగ్గ కూసుంది,” అన్నాడు సంతోషంగా.

ఆ అబ్బాయి బరువు వేరు, నా బరువు వేరు. మధ్య తేడాను ఇసుకగా పోసి నా ఒంటికి తగిలించాడు. రెండు రోజులు నేను మోసింది వాణ్ణి.

కోటు విప్పి బావ కాళ్ల దగ్గర పడేశాను. “చెప్పు బావా,” అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“మెల్లగ మాట్లాడు. సేటు ఇంటడు.”

మొదట చెప్పిన మాట అది. తర్వాత కొంచెం దూరం తీసుకెళ్లి మిగతాది చెప్పాడు. సేటు ఏడాదంతా పందెం టైర్లు ఇస్తానన్నాడట. బదులుగా ఆదివారం బండి కొడుకు నడపాలట. వాడికి ప్రాక్టీసుకు రావడానికి తీరిక లేదట.

“ఎప్పటి మాట గిది?”

“కోటు కుట్టియ్యకముందుదే.”

“అక్కకు తెల్సా?”

“ఆమెకెందుకు చెప్త? నీ ఒళ్లు గట్టిపడనీకనే అని చెప్పిన.”

అక్కకైనా తెలియదని మనసు కొంచెం కుదుటపడింది. దోస్తు వైపు చూశాను. వాడు ఫోనులోకి చూస్తున్నాడు. ట్రాకు మీద ఏ బండీ తిరగడం లేదు, ఫోన్లో లెక్కపెట్టడానికి టైమేమీ లేదు. వాడికీ ముందే తెలుసు.

ఆదివారం వెళ్లిపోదామనుకున్నాను గానీ కాళ్లు కదల్లేదు. తాడు అవతల జనంలో నిలబడ్డాను. పందేనికి ముందు ఆ అబ్బాయి వెతుక్కుంటూ వచ్చాడు.

“అన్నా, ఆ ఎడమ మలుపు కాడ బ్రేకు ఎప్పుడు పట్టాలె? మీరు మా టెస్టింగ్ రైడర్ అంట గద, మిమ్మల్నే అడగమన్నరు.”

వాడి ముఖంలో కల్లాకపటం లేదు. నా సంగతి వాడికీ ఎవరూ చెప్పలేదు. మలుపు ముందున్న సున్నం గీత దాటకముందే పట్టమని చెప్పాను. నిజమే చెప్పాను. ఆ మలుపు గురించి అబద్ధమాడాలనిపించలేదు. వాడు సరిగ్గా అక్కడే పట్టాడు, మూడో స్థానంలో వచ్చాడు. గద్వాల అని రాసిన టీషర్టు వాడికి బిగుతుగా ఉంది. బావ వాణ్ణి ఎత్తుకుని తిప్పుతుంటే జనం చప్పట్లు కొట్టారు. నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.

తర్వాత బావ బిర్యానీ ప్లేటు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

“తిను. పొద్దుగాల్ల నుంచి ఏం తినకపోతివి.”

“ముందుగాల ఒక్క మాట చెప్తె ఏం పోతుండె బావా? చెప్పినా నడుపుతుంటి గద.”

ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. “బయటోడైతె చెప్పెటోన్నే. ఒప్పుకుంటడో లేదో అడిగెటోన్ని. నువ్వు మనోనివి గద, నీకేం చెప్పేది?”

ప్లేటు అందుకోలేదు. గద్వాల బస్సెక్కాను.

ఇప్పుడు నా బండిని బస్టాండు దగ్గర ఇంకో షాపులో చూపిస్తున్నాను. బావకు చాలా కోపం వచ్చిందని అక్క చెప్పింది. ఆ షాపతనికి నేనెవరో తెలియదు, పేరు కూడా అడగడు. మొదటిసారి వెళ్లినప్పుడు నట్టు విప్పబోతూ ఆగి, నన్ను దగ్గరికి పిలిచాడు. ఏది తీస్తాడో, ఏది బిగిస్తాడో చూపించి, “గిట్ల చేద్దునా అన్నా?” అని అడిగాడు. అతను పానా పట్టుకుని నా జవాబు కోసం ఆగాడు.