ముట్టుకోకుండా చేసిన వెబ్‌సైటు

అప్పట్లో నేను అమలాపురం దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునేదాన్ని. కాలేజీ వెబ్‌సైటు పని కూడా నాదే. తొంభైల చివర రాజోలులో డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుని నేర్చుకున్న పని అది.

చైర్మన్‌గారిది పేరున్న రైతు కుటుంబం. మా తాత వాళ్ళ పొలంలో పాలేరు. నేను ఉద్యోగంలో చేరిన రోజే స్టాఫంతా ఉండగా ఆయన ఆ సంగతి ఎత్తారు. "మీ తాత మా చేలో ఎంత కష్టపడేవాడనుకున్నావమ్మా! నువ్విలా చదువుకున్నావంటే మాకూ సంతోషమే." నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

రెండువేల పదిలో కాబోలు, ఆయన అల్లుడు హైదరాబాదు నుంచి ఒక టాబ్లెట్ తెచ్చి ఇచ్చాడు. అలాంటిది మా కాలేజీలో ఎవరూ చూసి ఎరుగరు. మర్నాడే చైర్మన్‌గారు నన్ను ఇంటికి పిలిపించారు.

"ఇందులో మన సైటు పనిచెయ్యట్లేదేంటమ్మా? మెనూ ఎంత నొక్కినా కదలట్లేదు."

కారణం నాకు వెంటనే తట్టింది. మౌస్ బాణాన్ని వాటి మీదికి తెస్తే తెరుచుకునే మెనూలు నావి. టాబ్లెట్‌కు మౌస్ లేదు, వేలే దిక్కు.

"ఒక్కసారి నా చేతికిస్తే చూసుకుంటానండీ," అన్నాను.

ఆయన టాబ్లెట్‌ను తన వైపు జరుపుకున్నారు. "నీకెందుకమ్మా శ్రమ? అల్లుడుగారున్నారు కదా. నువ్వు చెప్తుండు, ఆయన నొక్కుతారు."

వరండా మెట్ల దగ్గర నిలబడి చెప్పాను. అల్లుడు నొక్కాడు. "ఫీజులు నొక్కితే హాస్టల్ వస్తోందండీ మావయ్యగారూ," అని ఆయనతో అన్నాడు, నాతో కాదు. నేను మెడ సాచి చూస్తున్నాను. ఇంతలో చైర్మన్‌గారి చిన్న మనవరాలు జంతిక నములుతూ వచ్చి, ఆ నూనె చేతులతోనే టాబ్లెట్ లాక్కుంది. చైర్మన్‌గారు నవ్వుతూ వదిలేశారు.

ఇంటికొచ్చి చీరల అట్టపెట్టె మూతను సుమారు ఆ టాబ్లెట్ కొలతకి కత్తిరించాను. బొత్తాలు ఎంత పెద్దవి ఉంటే వేలికి అందుతాయో తెలియాలి. మా అమ్మ ఏళ్ళ తరబడి కొబ్బరి పీచుతో తాళ్ళు పేనింది. ఆమె బొటనవేలు నా వేలికి రెండింతలు ఉంటుంది. ఆ వేలికి అందితే ఎవరికైనా అందుతుందనుకుని ఆ అట్టముక్కా ఇంకుప్యాడూ ఆమె ముందు పెట్టాను.

అమ్మ ముఖం చిన్నబోయింది. "వేలిముద్రెందుకే? నేను సంతకం నేర్చుకున్నాగా."

"సంతకానికి కాదమ్మా, కొలతకి." ఎంత చెప్పినా ఆమె మనసు కుదుటపడలేదు. అట్ట మీద ముద్ర వేసి, వెంటనే వెళ్ళి సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంది.

ఆ ముద్ర వెడల్పే కొలతగా పెట్టుకుని సైటంతా తిరగరాశాను. మెనూలు నొక్కితే తెరుచుకునేలా, అక్షరాలు పెద్దవిగా, పక్కపక్క బొత్తాల మధ్య ఎడం ఉండేలా. నెల రోజులు పట్టింది. నేను ఏదైనా మార్చిన ప్రతిసారీ ప్రిన్సిపాల్‌గారు చైర్మన్‌గారింటికి ఫోన్ చేసి, "ఆయ్, బానే వస్తోందటమ్మా," అని నాకు చెప్పేవారు.

కాలేజీ వార్షికోత్సవంలో అల్లుడు వేదికెక్కి కొత్త సైటు చూపించాడు. టాబ్లెట్ అతిథుల చేతులు మారింది. "బొత్తాలు ఎంత వీలుగా పెట్టేరండీ!" అని ఒకాయన మెచ్చుకున్నారు. "మా అల్లుడుగారి ఐడియా అండీ," అన్నారు చైర్మన్‌గారు మైకులోనే. నేను మూడో వరసలో కూర్చుని అందరితో పాటు చప్పట్లు కొట్టాను. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే నా పేరు తీసెయ్యమని ఆ వారమే కబురొచ్చింది. తీసేశాను. ఉద్యోగం కావాలి మరి. ఇంకో ఏడాదిన్నర ఆ సైటు నేనే చూసుకున్నాను, ఒక్కసారి కూడా టాబ్లెట్ పట్టుకోకుండానే.

ఆ రోజు వార్షికోత్సవం నుంచి ఇంటికి రాగానే అమ్మ అడిగింది. "ఆళ్ళు దాన్ని నీ చేతికిచ్చేరా? బరువుంటదా?"

"పలకంత ఉందమ్మా," అన్నాను.