నా పేరు రాసిన చేయి

రైటర్ సాబ్ పోయారని మొన్న శుక్రవారం పొద్దున కోర్టు పక్కన జిరాక్స్ సెంటర్ ఆయన ఫోన్ చేశాడు. జుమ్మా నమాజు తర్వాత మట్టి ఇస్తారన్నాడు. కొండపాక దాటి పోతున్నవాణ్ణి బండి పక్కకు ఆపేశాను. ఏడుపొచ్చింది. నా పేరును పోలీసు కేసులోకి ఎక్కించిన మనిషి కోసం ఏడవడమేమిటని మీరు అడగవచ్చు. అదే చెబుతాను.

సిద్దిపేట కోర్టు గోడ బయట, ఒక చిన్న బల్ల ముందు ఆయన ముప్పై ఏళ్లకు పైగా కూర్చున్నారు. రాయడం రానివాళ్లకు, వచ్చినా చేయి వణికేవాళ్లకు దరఖాస్తులు, ఫిర్యాదులు రాసిపెట్టేవారు. రాసే ముందు కలాన్ని ఎడమ బొటనవేలి గోరు మీద గీసి చూసుకునేవారు. తనకన్నా పెద్దవాళ్లను కూడా బేటా అనేవారు. ఛాయ్ సగమే తాగి, మిగతా సగం ఎదుటివాడికి పోసేవారు; వాడు తాగితే గాని పని మొదలయ్యేది కాదు. "నోటి మాట ఊరు దాటది బేటా, కాగితం యాడిదాకైనా పోతది" అనేది ఆయన మాట. నా విషయంలో ఆ కాగితం బాగా దూరమే పోయింది.

చింతమడకలో మా బాపుకు, ఆయన అన్న పెద్దబాపుకు పొలం గెట్టు దగ్గర గొడవైంది. మాటామాటా పెరిగి పార లేచింది, పెద్దబాపు చేతికి దెబ్బ తగిలింది. ఆయన సిద్దిపేట వచ్చి ఫిర్యాదు రాయించాడు. మా వైపు ఫిర్యాదుకు ఒక పద్ధతి ఉంది. కొట్టినవాడి పేరొక్కటే రాయరు, ఇంట్లో మీసమొచ్చిన ప్రతివాడి పేరూ రాస్తారు. అందరూ స్టేషన్ మెట్లెక్కితే రాజీ తొందరగా కుదురుతుందని నమ్మకం. అట్లా బాపు మొదటి ముద్దాయి, నేను రెండో ముద్దాయి. గొడవ జరిగిన పూట నేను సిద్దిపేటలో కోచింగ్ క్లాసులో కూర్చుని ఉన్నాను.

రెండేళ్లకు కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా ఎంపికయ్యాను. చేరే ముందు నింపమని ఒక ఫారం ఇచ్చారు. అందులో ఒక గడి: మీ మీద క్రిమినల్ కేసు ఏదైనా నడుస్తున్నదా? మూడు రోజుల గడువు. ఊళ్లో ప్రతివాడూ లేదని రాయమన్నాడు, గెట్టు పంచాయతీలను ఎవడు చూస్తాడన్నాడు. నాకూ అదే నచ్చింది. చేతిరాత కుదురుగా ఉంటుందని ఫారం పట్టుకుని రైటర్ సాబ్ దగ్గరికి వెళ్లాను. ఫిర్యాదు రాసింది ఎవరో నాకు తెలియదు. ఆయన కేసు కాగితాలు అడిగి తీసుకున్నారు, చూశారు, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"గిది నేను రాసిందే బేటా."

నేనన్న మాటలు ఇక్కడ రాయలేను. ఆ వయసు మనిషిని అనకూడనివి, నలుగురూ వింటుండగా అన్నాను. ఆయన తలవంచుకుని అన్నీ విన్నారు. ఆ తర్వాత మెల్లగా చెప్పారు. "ఉన్నదని రాస్తే పిలిచి అడుగుతరు. లేదని రాస్తే, ఎన్నడన్న బయటపడ్డదంటే దాసినవని తీసేస్తరు. లేదని మాత్రం నేను రాయ."

నన్ను ముంచినవాడే దారి చెబుతుంటే నమ్మడమెట్లా? ఫారం లాక్కుని నేనే కలం పట్టాను. గడి మీద పెట్టాను గానీ, దాస్తే తీసేస్తారన్న మాట దాటి లేదని రాయలేకపోయాను. చివరికి ఫారం ఆయన వైపే తోశాను. ఉన్నదని రాసి, కేసు నంబరు వేసి, జరిగిందంతా వేరే కాగితం మీద రాసి జతచేశారు. ఆ రోజు ఆయన పోసిన ఛాయ్ నేను ముట్టలేదు.

అనుకున్నంతా అయింది. కేసు తేలాకే ఉద్యోగం ఆర్డరన్నారు. నాతో ఎంపికైనవాళ్లు స్తంభాలెక్కుతుంటే నేను ఆటో నడిపాను. ప్రతి వాయిదాకు ఆయన బల్ల ముందు నుంచే పోవాలి, మొహం తిప్పుకుని పోయేవాణ్ణి. బాపు, పెద్దబాపు ఎప్పుడో కలిసిపోయారు, ఆ సెక్షన్‌కు మాత్రం రాజీ కుదరదట. సాక్ష్యం నాడు, మాట మారిస్తే తన మెడకే చుట్టుకుంటుందని పెద్దబాపు భయపడ్డాడు. కాగితంలో ఉన్నదే నిజమనేశాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

తర్వాత రైటర్ సాబ్‌ను పిలిచారు. చెప్పింది రాశానంటే చాలు, ఇంటికి పోవచ్చు. రాసేవాళ్లంతా అనేది అదే. ఈ అబ్బాయి పేరు ఫిర్యాది తనంతట తానే చెప్పాడా అని మా వకీలు అడిగాడు. ఆయన బోను కర్ర పట్టుకుని జడ్జి వైపు తిరిగారు.

"చెప్పలే సార్. ఇంట్ల ఇంకెవరున్నరని నేనే అడిగిన. ఆయన చెప్పిండు, నేను రాసిన. గా దినం ఈ పిలగాడు గాడ ఉన్నడా లేడా అని అడగలే. తప్పు నాది."

రాసి బతికేవాడు తన రాత తప్పని నిండు కోర్టులో ఒప్పుకోవడమంటే తన కడుపు తానే కొట్టుకోవడం. చాలామంది ఆయన దగ్గరికి రావడం మానేశారు. వచ్చినవాళ్లతో, గొడవలో ఉన్నవాళ్ల పేర్లే చెప్పండని పట్టుబట్టేవారు. అది గిట్టక కొందరు పక్క బల్లకు పోయేవారు. ఆయన మాత్రం దాన్ని లెక్కచేసేవారు కాదు.

ఆయన మాటకు కోచింగ్ సెంటర్ హాజరు పట్టీ తోడై, నా మీద కేసు కొట్టేశారు. ఆర్డర్ వచ్చింది. ఆ రోజు లేదని రాసి ఉంటే ప్రతి పొద్దూ భయంతో డ్యూటీకి పోయేవాణ్ణి. ఇప్పుడు నిమ్మళంగా పోతున్నానంటే ఆయన దయే.

ఆర్డర్ చేతికి రాగానే మొదట ఆయన దగ్గరికే వెళ్లాను. క్షమించమని అడగాలని దారంతా మాటలు కూడబలుక్కున్నాను, తీరా అక్కడ ఆర్డర్ కాగితం మాత్రం ముందుకు చాపాను. ఆయన కాగితం అందుకుని పై నుంచి కింది దాకా చదివారు. అచ్చులో ఉన్న నా పేరు దగ్గర సిరా మరకల వేలు ఆగింది.

"గీ పేరు నేను రాయలే బేటా," అని నవ్వారు.

వేలు మాత్రం చాలాసేపు నా పేరు మీదే ఉంచారు.