ఊడలు దిగే చేనుకే మొదటి తడి

ఉరవకొండ దగ్గర బోర్లలో నీటిమట్టం కొలుస్తున్నాను. రైతు రామాంజి మోటారు వేసి, వాల్వును తన వేరుశనగ చేనుకు కాక, బోరు ఎండిపోయిన పక్కింటి ఓబులమ్మ చేనుకు తిప్పాడు.

"అన్నా, బోరు మీదే కదా?"

"నాదేలే. ఆయమ్మ చేన్లో పూత అయిపోయి ఊడలు మట్టిలోకి దిగుతాండాయి. ఇప్పుడు తడి లేకుంటే కాయే పట్టదు. నాది ఇంకా పూత మీదుండాది, ఆగుతాది."

కొత్త బోరు ఎవరూ వేయకూడదని, ఊడలు దిగే చేనుకే ముందు నీళ్లివ్వాలని ఊళ్లో కట్టుబాటట. కొత్త బోరు పాతవాటిని ఎండగడుతుందని నేను కాలేజీలో చదివాను. వీళ్లు ఏకంగా కొత్త బోర్లే ఆపేశారు! గట్టున నిలబడి గబగబా రాసుకుంటున్నాను.

"ఏమప్పా, రాసింది చాల్లే! ఆ స్ప్రింక్లరు ఇట్లా జరుపు," చేన్లోంచి ఓబులమ్మ కేకేసింది.

జరిపి నిలువునా తడిశాను. నేను నింపాల్సిన బోరు ఫారంలో 'నీరు వాడేవారు' గడి ఒక్క పేరుకే సరిపోతుంది. తడిసిన ఆ కాగితం మీదే రెండు పేర్లూ ఇరికించాను.