భాయ్ ఇచ్చిన నీళ్ళు

ఆ రోజుల్లో ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళకి ప్రాణం మీద కన్నా క్రాపు మీదే బెంగ ఎక్కువ. నాకైతే మరీను. డెబ్భైల్లో ఒక వేసవిలో తిరువూరు చుట్టుపక్కల కలరా సోకితే, ఆరోగ్య శాఖలో పనిచేసే మా బావ నన్ను తాత్కాలికంగా సూదుల పనిలోకి లాగాడు. నా పని పేర్లు రాసుకోవడం, సూది చూసి పారిపోయే పిల్లల్ని పట్టుకురావడం (ఒక్కోసారి పెద్దల్ని కూడా). బావ, కాంపౌండరు గారు, నేను, మా సైకిళ్ళకి రిపేర్లు చేయడానికి సైకిల్ షాపు భాయ్. రోజూ తెల్లారగానే నాలుగు సైకిళ్ళు బయల్దేరేవి.

జట్టుకి పెద్ద బావే అయినా పెత్తనమంతా భాయ్‌దే. యాభై దాటిన మనిషి. "సైకిలుకీ సైకిలుకీ మధ్య ఇంకో సైకిలు పట్టాలి. ఎవరి సీసా వాళ్ళదే. కాచిన నీళ్ళు తప్ప ముట్టుకోవద్దు. సబ్బుతో చేతులు కడక్కుండా నోట్లో ఏదీ పెట్టొద్దు" అని రోజూ అప్పజెప్పేవాడు. "డాక్టరు మీరా, ఏంటి భాయ్?" అని నేను ఎగతాళి చేస్తే, "పంక్చరు వేసేవాణ్ణి బాబూ. పడకముందు చెబితే ఎవరూ వినరని నాకు తెలుసు" అనేవాడు.

పెనుగొలను వెళ్ళిన రోజు ఊరి మొదట్లోనే సైకిలు ఆపి, నా సీసాలో కాచిన నీళ్ళన్నీ నెత్తిన పోసుకుని పాపిడి తీసుకున్నాను. కిందటిసారి ఆ ఊళ్ళో ఒకమ్మాయి నన్ను చూసి నవ్వింది మరి. (ఆ రోజు ఆ అమ్మాయి ఊళ్ళోనే లేదు. అప్పుడు నవ్వింది కూడా నేను చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నందుకట.) మధ్యాహ్నానికి నాలుక పిడచకట్టుకుపోయింది. ఎవరో ముసలమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చింది. చెయ్యి చాపాను. భాయ్ నా మణికట్టు పట్టుకుని, "అందులో నీళ్ళు ఏ బావివో అడిగావా?" అని తన సీసా ఇచ్చాడు. గటగటా తాగేసి, ఖాళీ సీసా చేతిలో పెట్టి అప్పుడడిగాను, "మీకో?" అని. "నాకు దాహం లేదులే."

తిరుగు దారిలో ఎండ మండిపోతోంది. వెనక్కి తిరిగి చూస్తే భాయ్ ఒక పొలం బావి దగ్గర దోసిలి పట్టి తాగుతున్నాడు. నన్ను చూసి సిగ్గుపడ్డాడు. "మీ బావకి చెప్పకు బాబూ, నా పరువు పోద్ది" అని నవ్వాడు. నేనూ పడీపడీ నవ్వాను. ఏడిపించడానికి మంచి సంగతి దొరికిందనుకున్నాను. బావకి చెప్పలేదు.

మూడో రోజు భాయ్ షాపు తెరవలేదు. తెల్లవారుజాము నుంచీ వాంతులు, విరేచనాలు. సూది వేయించుకున్న మనిషే, అయినా అది అందర్నీ కాపాడదు. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించారు. సాయంత్రానికి పోయాడు. అప్పుడు చెప్పాను బావకి అంతా. తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఆ రోజే చెబితే కనిపెట్టి ఉండేవాళ్ళం కదరా" అని మాత్రం అన్నాడు.

వారం తర్వాత భాయ్ భార్య దగ్గరికి వెళ్ళి గుమ్మంలో నిలబడే జరిగింది చెప్పాను.

"ఆ రోజు నీ దాహం తీరిందా బాబూ?" అంది.

"తీరిందమ్మా."

"అయితే సరే. ఆయనకి కావాల్సింది అదే" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు మేం ముగ్గురం ఎ.కొండూరు వెళ్ళాం. సూదికి భయపడి ఓ మూడేళ్ళ పిల్ల నా బొటనవేలు కొరికింది. నేను భోరున ఏడ్చేశాను. ఎంతకీ ఆగలేదు. "అంత మనిషివి, పిల్ల కొరికితే ఇంత ఏడుపా?" అని ఊరంతా విరగబడి నవ్వారు. బావ మాత్రం నవ్వలేదు. ఆ పిల్ల జాలిపడి నా వేలు ఊదింది. వీధి మధ్యలో వెక్కుతూ నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొస్తే, భాయ్ వయసు ఎప్పుడో దాటేసిన నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వు పూర్తయ్యేలోగా ఆ బొటనవేలు తడుముకుంటాను.