కళ్ళజోడులో కురిసిన వాన

మా అత్తకు తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది, ఎముక అతుక్కుంది కూడా. అతుక్కోనిది ధైర్యమొక్కటే. కాలు కింద పెడితే మళ్ళీ పడతానని భయం. ఇలాగే పడుకుంటే ఉన్న కండ కూడా కరిగిపోయి ఇక మంచం దిగదని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. వేంపల్లెలో ఇంటిల్లిపాదినీ పరుగులెత్తించిన మనిషి, కడపలో మా ఇంట్లో గ్లాసుడు నీళ్ళకు నన్ను పిలుస్తుంటే విసుగొచ్చేది. ఆ వెనకే ఏడుపూ వచ్చేది.

ఊళ్ళో కొత్తగా తెరిచిన ఫిజియోథెరపీ సెంటరుకు తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ అత్త కళ్ళకు పెద్ద వీఆర్ కళ్ళజోడు తగిలించింది. అందులో కనిపించే లోకం చూస్తుంటే మనసు నెమ్మదించి భయం తగ్గుతుందట.

ముందు మంచుకొండలు పెట్టింది. అత్త కొంగు కప్పుకుని, "ఏం చలిమ్మా ఈడ!" అని ముడుచుకుంది. సముద్రం పెట్టింది. "ఇన్ని నీళ్ళుండాయి, ఒక్క చెంబైనా తాగేదానికి పనికొస్తాయా?" అని కసురుకుంది. మనసు నెమ్మదించడం అటుంచి బీపీ పెరిగేలా ఉంది. డాక్టరమ్మ ఓపిగ్గా పచ్చటి పెరట్లో కురిసే వాన పెట్టింది. వాన చూస్తే ఎవరికైనా హాయిగా ఉంటుందంది.

అది ఏ ఊరివాళ్ళకో మరి.

"మేయ్, వాన! మిద్దె మీద వడియాలు!" అంటూ అత్త కుర్చీలోంచి లేచింది. పొద్దున మంచం మీది నుంచే పెత్తనం చేసి నాచేత పెట్టించిన గుమ్మడి వడియాలవి. "తడిసిపోతాండాయి, పోయి ఎత్తుమే! నిలబడి సూస్తాండావేమి?" అని కొంగు బిగించి ముందుకు నడిచింది. మేం చెరో పక్క పట్టుకుంటే ఇద్దరినీ గోడ దాకా ఈడ్చుకెళ్ళింది.

కళ్ళజోడు తీస్తే కిటికీ బయట ఎండ భగభగమంటోంది. అత్త ఆ ఎండనూ, తన కాళ్ళనూ మార్చి మార్చి చూసింది. "ఎంత మోసం చేస్తిరే ఇద్దరూ!" అంది. ముగ్గురికీ నవ్వాగలేదు.

ఆ తర్వాత వెళ్ళినప్పుడల్లా తనే, "ఆ వాన పెట్టమ్మా" అని అడిగేది. "ఉత్తుత్తి వాన కదత్తా" అని నేను ఏడిపిస్తే, "అయితే ఏమి? నిజంది మనకు యాడ పడి సస్తాండాది?" అనేది. అని లేచి, చేతికర్ర ఊతంతో నడిచేది.

ఒక మధ్యాహ్నం నేను బడిలో పాఠం చెబుతుండగా నిజం వాన దబదబా దిగింది. మిద్దె మీద మళ్ళీ పెట్టిన వడియాలు గుర్తొచ్చి, స్కూటర్ మీద తడుస్తూ ఇంటికొచ్చాను. మంచం ఖాళీగా ఉంది. మెట్లెక్కి పైకి పరిగెత్తాను. మెట్ల చివర చూరు కింద, పాత చీరలో మూటగట్టిన వడియాలు పొడిగా ఉన్నాయి. పక్కన ఆమె చేతికర్ర ఆనించి ఉంది.

అత్త పిట్టగోడ పట్టుకుని వానలో నిలబడి ఉంది.

"జలుబు చేస్తాది, రా అత్తా!" అని అరిచాను.

"ఉండుమే," అంది మొహం పైకెత్తి. "ఆ అద్దాల్లో అంత వాన కురిసె. ఒక్క సుక్కైనా మీద పడ్లేదు."