లంగరు కోసం పెద్ద కాయిల్

ఆ రోజుల్లో, అంటే కూర్మన్నపాలెంలో స్టీలు ప్లాంటు కాంట్రాక్టు ఉద్యోగం కొత్తగా దొరికి, మొదటి జీతాలు చేతికొచ్చి, కాళ్ళు నేల మీద ఆగని రోజుల్లో, మా వయసు వాళ్ళలో ప్రతివాడికీ ఏదో ఒక పిచ్చి ఉండేది. ఒకడికి బైకు, ఒకడికి జిమ్ము, ఇంకొకడికి రీల్సు. నాకు మాత్రం మెటల్ డిటెక్టర్. ఎవరో వాడి వదిలేసినది కొనుక్కుని, సెలవొస్తే చాలు భీమిలి ఇసకలో, ఒకప్పుడు అక్కడ వర్తకం చేసిన డచ్చివాళ్ళు పారేసుకున్న బంగారం వెతికేవాణ్ణి. (డచ్చివాళ్ళు మహా జాగ్రత్తపరులని తరవాత తెలిసింది. ఒక్క నాణెం కూడా పారేసుకోలేదు.) దొరికినవన్నీ సోడామూతలే. అయినా చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని గంభీరంగా నడుస్తుంటే, బీచికొచ్చిన పిల్లలు నన్ను ప్రభుత్వమే పంపిందనుకునేవారు. ఆ గౌరవం కోసమే సగం తిరిగేవాణ్ణి.

ఒకరోజు మా షిఫ్టులో పనిచేసే యారాడ కుర్రాడు క్యాంటీన్లో నా పక్కన కూలబడ్డాడు. పెద్ద పళ్ళూ, అంతకన్నా పెద్ద ఆకలీ ఉండడం వల్ల వాణ్ణి అందరం సొర అనేవాళ్ళం. ఆ రోజు ఇడ్లీ ముట్టుకోలేదంటే సంగతేదో పెద్దదేనని అర్థమైంది. అప్పుడు సముద్రంలో చేపల వేట మీద ఏటా వేసవిలో పెట్టే నిషేధం నడుస్తోంది. వాళ్ళ నాన్న పడవని ఒడ్డు మీదికి లాగి, లంగరుని ఇసకలో పాతి, దానికి తాడుతో కట్టాడు. మధ్యలో వాయుగుండం వచ్చి కెరటాలు పైదాకా ఎక్కాయి, తాడు తెగింది. పడవ దొరికింది, లంగరుని ఇసక మింగేసింది. "నిషేధం ఎత్తీగానే అందరూ బేగి ఏటకి ఎల్లిపోతారు బావ. లంగరు నేకపోతే మా నాన్న ఒడ్డునే కూకోవాల. కొత్తది సేయిద్దారంటే ఎల్డింగోడు వచ్చీ నెలంటన్నాడు," అన్నాడు. నిషేధం తరవాతి మొదటి వేటలోనే చేప బాగా పడుతుంది. ఏడాది పొడుగునా ఆ ఇంటికి అదే ధైర్యం.

నేను పెద్ద డాక్టరులా కళ్ళు మూసుకుని ఆలోచించాను. డిటెక్టర్ అడుగున ఇసక మీద ఆడించే చక్రాన్ని కాయిల్ అంటారు. నా కాయిల్ టీ సాసరంత ఉండేది. జానెడు లోతు దాటితే దానికి ఏమీ తెలియదు. "పెద్ద కాయిల్ కావాల," అన్నాను. సాయంత్రం నా గదిలో ఇద్దరం ఫోన్లో తలలు దూర్చి వెతికాం. అన్నం పళ్ళెమంతది ఒకటుంది, చేటంతది ఒకటుంది. ఎంత పెద్దదైతే అంత లోతుకి పట్టుకుంటుందనీ, కాకపోతే బరువెక్కువనీ, చిన్న వస్తువులు దానికి ఆనవనీ రాసి ఉంది. చిన్న వస్తువులు ఆనవు అని చదవగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ జన్మకి సోడామూతల పీడ విరగడైనట్టే కదా. సొర మాత్రం పళ్ళెం దగ్గరే ఆగాడు. "సేటంతది నీ సెయ్యి మోత్తాదేటి బావ?" అన్నాడు. "లంగరు మోసీవోలకి నేని బాద నాకేటి," అన్నాను. నిజానికి పళ్ళెమంతది సరిపోయేది. కానీ ఆ వయసులో మధ్యరకం ఏది కొన్నాం గనక. పార్సిల్ విప్పుతుంటే ఇంటి ఓనరమ్మ తొంగి చూసి, "అట్లపెనమేటి బాబూ? మద్దిలో అన్ని బొక్కలేటి?" అని జాలిపడింది.

నైటు షిఫ్టు దిగి, ఉన్నవాణ్ణి ఉన్నట్టు సొర బండెక్కి యారాడ చేరాను. వాళ్ళ నాన్నని మామ అనీ, అమ్మని అత్త అనీ పిలిచేవాణ్ణి. వాళ్ళిద్దరూ, పారలు పట్టుకున్న నలుగురు చుట్టాలూ ఎదురుచూస్తున్నారు. కాయిల్ ఒక్కసారి ఊపానో లేదో కుయ్‌మంది. "ఇక్కడే," అన్నాను. నడుం లోతు తవ్వారు, ఏమీ లేదు. అడుగు పక్కకి జరిగాను, మళ్ళీ కుయ్. మళ్ళీ తవ్వారు. తవ్విన ఇసకంతా ఒకచోట గుట్టగా పోస్తున్నారు. ఇసకలోనే ఇనుముందని ఒకసారి, బ్యాటరీ వేడెక్కిందని ఒకసారి చెప్పాను. మామ చెమట తుడుచుకుని, "నువ్వెక్కడ నిలబడితే అక్కడే మోగుతంది అల్లుడూ. లంగరు నీ ఎనకాలే నడిసొత్తందేటి?" అన్నాడు. అత్తకి ఇదంతా అనుమానంగా తోచి, దూరంగా వెళ్ళి అమ్మోరికి దణ్ణం పెట్టుకుంది.

చెయ్యి లాగేస్తుంటే మొహం కడుక్కుందామనిపించింది. తడుస్తాయని బూట్లు విప్పి పైన వదిలేసి, అలవాటుకొద్దీ కాయిల్ ఊపుకుంటూ నీళ్ళవైపు నడిచాను. చప్పుడు లేదు. వెనక్కొచ్చి బూట్ల మీద ఊపాను. కుయ్‌మంది. ప్లాంటు పనికి వేసుకునే సేఫ్టీ బూట్లవి. వేళ్ళు నలగకుండా ముందు ఇనప తొడుగు ఉంటుంది. (కూర్మన్నపాలెంలో మేం వాటితోనే సంతకీ సినిమాకీ వెళ్ళేవాళ్ళం, పెళ్ళికి కూడా వెళ్ళాం. కాళ్ళకి ఉన్నాయన్న ధ్యాసే ఉండదు.) భీమిలికి చెప్పులతో పోయేవాణ్ణి కాబట్టి ఇంతకాలం తెలియలేదు. పొద్దున్నుంచీ ఆ చేటంత కాయిల్ నా కాళ్ళ దాకా వచ్చి నన్నే కనిపెడుతోంది. సొర ఇసకలో పడి దొర్లుతూ నవ్వాడు. చుట్టాలు పారల మీద వాలి నవ్వారు. మామ నవ్వలేదు. గోతుల వైపూ పడవ వైపూ చూసి, "ఏట ఎల్లుండే అల్లుడూ," అని మాత్రం అన్నాడు. నాకు తల కొట్టేసినట్టైంది.

ఇంక వట్టికాళ్ళతో మొదలుపెట్టాను. మిట్టమధ్యాహ్నం యారాడ ఇసక గురించి చెప్పేదేముంది, పెనం మీద వేసిన అట్టులా ఎగిరాను. అత్త బకెట్టుతో సముద్రం నీళ్ళు తెచ్చి నా ముందు పోస్తూ నడిచింది. ఎంత దూరం ఊపినా డిటెక్టర్ ఉలకదు పలకదు. అరికాళ్ళు కాలిపోయి, ఆ తవ్వి పోసిన గుట్ట చెమ్మగా ఉంటుందని పరిగెత్తి దాని మీదెక్కాను. కుయ్‌మంది. "జేబులో తాళాలేటైనా ఉన్నాయేటి బావ?" అన్నాడు సొర. జేబులన్నీ బయటికి తీసి చూపించాను. మళ్ళీ ఊపాను, ఇంకా గట్టిగా కూసింది. పొద్దున్నుంచీ తవ్విన ఇసకంతా మేము సరిగ్గా లంగరు నెత్తినే పోస్తూ వచ్చామన్నమాట. గుట్ట తీసి, దాని కింద మళ్ళీ అంత లోతు తవ్వితే లంగరు కొక్కెం కనిపించింది. సాసరంత కాయిల్‌కి అది ఈ జన్మలో వినిపించేది కాదు. అత్త పిల్లాడి మొహం తుడిచినట్టు కొంగుతో లంగరుని తుడిచింది. నాకు కూడా కళ్ళు చెమ్మగిల్లాయి, అరికాళ్ళ మంట వల్లేనని అందరికీ చెప్పాను.

మొదటి వేట అయిన మర్నాడు సొర ఒక సంచి తెచ్చి నా ముందు పెట్టాడు. వాళ్ళలో చేపలు పంచుకునేటప్పుడు మనుషులతో పాటు పడవకో వాటా, వలకో వాటా తీస్తారు. "నీకు కాదు బావ. మా నాన్న సక్రానికి వాటా ఎట్టాడు," అన్నాడు. మరి నాకో అన్నాను. "గోతులు తవ్వించినోడికి వాటా ఏటి అన్నాడు," అని పళ్ళన్నీ బయటపెట్టాడు.

అప్పట్నుంచి ఏటా నిషేధం ఎత్తేశాక ఆ సంచి వస్తూనే ఉంది. ఇప్పుడు నాది కుర్చీ ఉద్యోగం, కాళ్ళకి మెత్తటి బూట్లు. డిటెక్టర్ పాడైపోయి, కాయిల్ అటకెక్కి చాలా కాలమైంది. మొన్న మనసొప్పక మామకి ఫోను చేసి, "సక్రం పని సెయ్యట్లేదు మామా, ఇంకా వాటా ఎందుకు," అన్నాను. "పడవ మరమ్మత్తులో ఉంటే దాని వాటా మానేత్తామేటి అల్లుడూ," అన్నాడాయన. ఈ ఏడు సంచి రాగానే నేను స్టూలు వేసుకుని అటకెక్కి, కాయిల్ మీద దుమ్ము తుడిచాను. మా ఆవిడ కింద నుంచి, "పైన ఏటి సేత్తన్నారు?" అని అడిగింది. చేపలు ఎవరివో వాళ్ళకి ఒక మాట చెప్పి వండుకోవాలి కదా అన్నాను.