మొహానికి అడ్డం రాని స్టాండు

ఎముకల డాక్టరు నా కుడిచేతి చూపుడువేలిని సూదితో గుచ్చి "తెలుస్తా ఉందా అమ్మా?" అని అడిగితే తెలుస్తోందని అబద్ధం చెప్పాను. ఆయన నమ్మలేదు. కళ్ళు మూసుకోమని మళ్ళీ గుచ్చాడు. ఈసారి ఎప్పుడు గుచ్చాడో చెప్పలేకపోయాను. ఏళ్ళ తరబడి మెడ వంచి పనిచేస్తే నరం నలిగి ఇట్లా అవుతుందట. కంప్యూటరు తెర కళ్ళకు సమానంగా వచ్చేట్టు ఎత్తు పెంచుకోకపోతే, కొన్నాళ్ళకు ఆ చేత్తో గ్లాసు పట్టుకోవడం కూడా కష్టమవుతుందన్నాడు. స్టాండ్లు అమ్మేవాళ్ళతో ఈయనకేమైనా ఒప్పందం ఉందా అని నాకు వెంటనే అనుమానం వచ్చింది. ఫలానా దుకాణంలో కొనమని చెబుతాడేమోనని కాసేపు కదలకుండా కూర్చున్నాను. చెప్పలేదు.

నాది అనుమానపు బుద్ధి. ఇంట్లో వాళ్ళు దాన్ని జబ్బు అంటారు, నేను వృత్తి అంటాను. మార్కాపురంలో రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా చిన్న గదిలో కూర్చుని దస్తావేజులు రాస్తాను. అదే గదిలో, అదే బల్ల మీద మా నాయన కలంతో రాశాడు. నేను మొదట టైపు మిషనుతో, తర్వాత కంప్యూటరుతో రాస్తున్నాను. కొత్తగా జిల్లాలు విడగొట్టినప్పుడు మా ఊరు ఎటు పోతుందోనని వీధంతా వాదించుకున్నారు. అప్పటికైతే నా దస్తావేజుల మొదటి వరుసలో ప్రకాశం జిల్లా అనే మాట అట్లాగే ఉండిపోయింది.

రాయడం కంటే చూడడం ముఖ్యమని మా నాయన నేర్పినాడు. ముఖ్యంగా విడుదల దస్తావేజులప్పుడు. తండ్రి పొలంలో తన భాగాన్ని ఆడబిడ్డ అన్నదమ్ములకు వదులుకుంటూ రాసిచ్చేది విడుదల దస్తావేజు. అన్న ముందు కూర్చుంటాడు, చెల్లెలు బెంచీ చివర కూర్చుంటుంది. అన్నే మాట్లాడతాడు, అన్నే నీళ్ళు తాగుతాడు. రాసింది నేను చదివి వినిపిస్తుంటే ఆమె ఊ కొడుతుంది. ఆ ఊ అనేదాన్ని నేనెప్పుడూ నమ్మలేదు. తెర మీదుగా తలెత్తి ఆమె మొహం చూసేదాన్ని. గొంతు ఒప్పుకున్నా మొహం ఒప్పుకోకపోతే తెలిసిపోతుంది. అట్లాంటప్పుడు ప్రింటరు చెడిపోయిందని, రేపు రమ్మని చెప్పేదాన్ని. ఒక రాత్రి గడిస్తే కొందరు రారు. మా వీధిలో నా ప్రింటరుకు మంచి పేరు లేదు.

తెర కిందికి ఉండబట్టే ఆ మొహాలు కనపడేవి. ఈ సంగతి డాక్టరుకు చెప్పలేదు, చెప్పినా ఆయనకు అక్కర్లేదు.

బడిపిల్లల పలకలు తయారయ్యే మా ఊళ్ళో వాటికి కొదవలేదు గనక, పక్క సందులో పలకల షెడ్డు నుంచి రెండు కట్టలు తెచ్చి తెర కింద పెట్టాను. సరిగ్గా కళ్ళ ఎత్తుకు వచ్చింది. వారంలో మెడ తేలికయింది. ఎవరేం చెప్పినా ఒకపట్టాన ఒప్పుకోని నేను డాక్టరును మనసులోనే మెచ్చుకున్నాను.

ఆ వారం చివర్లో తర్లుపాడు వైపు నుంచి అన్నాచెల్లెళ్ళు విడుదల దస్తావేజుకు వచ్చారు. నేను తెర మీద చూస్తూ చదివాను. తెర వెనకనుంచి ఊ, ఊ అని వినపడింది. తల పక్కకు వంచి చూద్దామంటే మెడ ఇంకా అటు తిరగలేదు. గొంతు మామూలుగానే ఉందిలే అనుకున్నాను. కాగితాలు తీసిచ్చాను. ఎదురుగా ఆఫీసులోకి పోయి వేలిముద్రలు వేసి, ఫోటో దిగి, అంతా అయిపోయాక ఆమె ఒక్కతే గదిలోకి తిరిగొచ్చింది.

"అమ్మా, మా నాయన సమాధి ఆ చేన్లోనే ఉంది. ఇంక నేను దాని కాడికి పోవాలంటే మా అన్నను అడగాల్నా?" అంది.

అప్పుడు చూశాను ఆమె మొహం. గంట ముందు ఆ మొహం చూసి ఉంటే ఎన్ని ప్రింటర్లయినా చెడిపోయేవి. అడగాల్సిన పని లేదులే తల్లీ అని ఏదో సర్దిచెప్పాను. అది నిజం కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ సాయంత్రమే పలకలు తీసేశాను. తెర కిందికి దిగింది, మొహాలు కనపడ్డాయి, నాలుగు రోజుల్లో నొప్పి మళ్ళీ వచ్చి కూర్చుంది. ఒకరోజు టీ గ్లాసు చేతిలోంచి జారిపడితే, పడేదాకా నాకు తెలియలేదు. నా చెయ్యి దక్కాలంటే తెర పైన ఉండాలి, బెంచీ చివర కూర్చున్న మనిషి పొలం దక్కాలంటే తెర కింద ఉండాలి.

మా ఆయన విని, "కదిలే స్టాండ్లు ఉంటాయి, రాయించుకునే పార్టీలు వచ్చినప్పుడు పక్కకు తోసెయ్యి, పోయినంక పైకి లాక్కో" అని ఫోన్లో చూపించాడు. కింద జనం రాసిన అభిప్రాయాలు చదివాను. పదిమందీ ఒకే మాట, ఒకే తప్పుతో రాశారు. రోజంతా దస్తావేజులు దిద్దేదానికి ఆ మాత్రం తెలీదా. అంతా ఒకే చేతి రాత అన్నాను. ఆయన ఫోను జేబులో పెట్టుకుని లేచిపోయాడు.

మార్కాపురంలో కంప్యూటరు దుకాణం వాళ్ళు నా దగ్గర దస్తావేజు రాయించుకున్నవాళ్ళే. మొహమాటానికి పోయి ఏదో ఒకటి తెచ్చుకోవాల్సి వస్తుందని, ఎవరూ తెలియని గిద్దలూరు పోయాను. తెరను పాత దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. టీవీ రిపేరా అని కండక్టరు అడిగితే అవునన్నాను. ఉన్నదున్నట్టు ఎందుకు చెప్పాలి.

దుకాణదారు మూడు రకాలు చూపించాడు. మొదటిది సొరుగున్న చెక్క పీట. దానికంటే నా పలకలే నయం. రెండోది గాట్లున్న ఇనుప స్తంభం. ఎత్తు మారుతుంది గానీ పక్కకు తిరగదు. మూడోది బల్ల అంచుకు బిగించే చెయ్యి. భుజం, మోచెయ్యి, మణికట్టు అన్నీ ఉన్నాయి. ఒక్క వేలితో తోస్తే పైకీ కిందికీ పక్కకీ పోతుంది. లోపల గ్యాస్ స్ప్రింగు ఉంటుందన్నాడు.

"గ్యాసా? పేలితే?"

"వంట గ్యాసు కాదు మేడం. గాలి బిగించినట్టు ఉంటాది, అంతే."

"ఎంత బరువు మోస్తాది?"

"ఏదైనా మోస్తాది."

ఏదైనా అనే మాట విన్నానంటే నాకు ఇంక నిద్ర పట్టదు. అట్టపెట్టె తిప్పి చూస్తే మూడు కిలోల నుంచి అని ఉంది. తెర తీసుకుని పక్కనున్న కిరాణా దుకాణానికి పోయి, కందిపప్పు తూచే కాటా మీద పెట్టించాను. కిరాణా ఆయన నన్ను చూసి, తెరను చూసి, ఏమీ అడక్కుండా తూచాడు. రెండుముప్పావు. తిరిగొచ్చి చెప్పేసరికి దుకాణదారు గొంతు కొంచెం తగ్గింది. తెర తేలికయితే స్టాండు దాన్ని తనంతట తనే పైకి లేపేస్తుందని అప్పుడు ఒప్పుకున్నాడు. తక్కువ బరువుకు సరిపోయే వేరేదాన్ని లోపల నుంచి తెచ్చాడు. ముందే ఎందుకు తీయలేదని అడిగితే గుర్తు రాలేదన్నాడు.

నా తెర వెనక మరలు పట్టే నాలుగు రంధ్రాలు దీని పళ్ళేనికి కుదురుతాయో లేదో బిగించి చూపించమన్నాను. కుదిరాయి. వంకర తాళంచెవి లాంటిదానితో మర తిప్పి బిగువు సరిచేశాడు. అయినా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. తెర కింది అంచుకు సమానంగా గోడ మీద పెన్సిలుతో చిన్న గీత గీసి, గంటసేపు చూస్తానన్నాను.

"నేను మోసం చేసే మనిషి మాదిరి కనపడతాన్నానా మేడం?"

"కనపడవు. అందుకే కూర్చున్నా."

నవ్వాడు పాపం, టీ కూడా తెప్పించాడు. గంట తర్వాత గీత దగ్గరే ఉంది అంచు. ఒక తప్పయినా దొరకలేదని లోపల కొంచెం నిరాశగానే ఉంది. కొనుక్కుని వచ్చాను. మా నాయన బల్ల అంచు నలగకుండా చెక్క ముక్క అడ్డం పెట్టి బిగించుకున్నాను.

పది రోజులు బాగా జరిగాయి. ఒక్కదాన్నే ఉన్నప్పుడు తెర కళ్ళకెదురుగా, పార్టీలు వచ్చినప్పుడు ఎడం పక్కకు. వేళ్ళకు స్పర్శ కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది.

అప్పుడు వచ్చారు ఒక అక్కా తమ్ముడు, విడుదల దస్తావేజుకే. ఆమెకు నలభై ఏళ్ళుంటాయి. అలవాటుగా బెంచీ చివరే కూర్చుంది. నేను తెరను పక్కకు తోసి, కంఠతా వచ్చిన రాతే గనక ఆమె మొహం మీద చూపు నిలిపి చదవబోయాను. ఆమె నన్ను చూడడం లేదు. పక్కకు తోసిన తెర సరిగ్గా ఆమె వైపు తిరిగి ఉంది. పెదాలు కదులుతున్నాయి. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతోంది.

"నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా," అని పైకే చదివి ఆగింది. "ఈ మాట ఎవరు చెప్పినారమ్మా?"

"అది అందరి దస్తావేజుల్లోనూ ఉండేదేలే."

"నేనైతే చెప్పలేదు గదా. నన్ను ఎవురూ అడగలేదే."

"రాత అట్లనే ఉంటాదిలే అక్కా. చదివేది అయిపోతే పోదాం," అన్నాడు తమ్ముడు.

ఆమె మాటల్లో కోపం లేదు. తెలియక అడిగినట్టే అడిగింది. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఆ వాక్యం నా కంప్యూటరులో నమూనాలో ఉంటుంది. పేర్లు మారతాయి, సర్వే నంబర్లు మారతాయి, అది మారదు. మా నాయన చేతిరాతలోనూ అదే ఉండేది. డాక్టరును అనుమానించాను, దుకాణదారును అనుమానించాను, వచ్చిన ప్రతి అన్ననూ తమ్ముణ్ణీ అనుమానించాను. ఆ ఒక్క వాక్యాన్ని అనుమానించలేదు, ఎందుకంటే దాన్ని రాసేది నేను.

"ఇప్పుడు అడుగుతున్నా. నీకు ఇష్టమేనా?" అన్నాను.

ఆమె తమ్ముడి వైపు చూడలేదు.

"లేదమ్మా," అంది.

ఆమె చూస్తుండగానే ఆ వాక్యం తీసేశాను. ఇంక ఆ దస్తావేజు ప్రింటు తీసే పని లేకపోయింది. తమ్ముడు లేచి బయటికి పోయి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళలో ఆ మాట ఎంతమంది ఆడవాళ్ళ తరఫున నేను రాసేశానో నాకే తెలియదు. ఇష్టమేనా అని నేను అడిగింది మాత్రం ఈమె ఒక్కదాన్నే.